అల్లుడుగారి కారు, అత్తయ్య అట్లకాడ

మా అత్తయ్య తన అల్లుడితో నేరుగా మాట్లాడరు. కోపం ఏమీ లేదు. ఆయనంటే ఆవిడకి ప్రాణం. గుడివాడ నుంచి వస్తున్నారని ఫోను వస్తే చాలు, ముందు రోజే రొయ్యలమ్మే ఆవిడకి చెప్పిపెడతారు, బీరువాలోంచి మంచి దుప్పటి తీస్తారు. తీరా ఆయన వచ్చి హాల్లో కూర్చున్నాక మాత్రం వంటింటి గుమ్మం దాటి ఇవతలికి రారు. కాఫీ ఇవ్వాలన్నా, అన్నం వడ్డించాలన్నా మధ్యలో ఇంకో మనిషి ఉండాలి.

"అల్లుడుగారికి ఇంకొంచెం పప్పు వెయ్యి అమ్మాయ్" అని నాతో అంటారు. అల్లుడుగారు నా ముందే కూర్చుని ఆ మాట వింటూ ఉంటారు.

"చాలని చెప్పమ్మా" అని ఆయన నాతో అంటారు. అత్తయ్య నా వెనకే నిలబడి ఆ మాట వింటూ ఉంటారు.

నేను వెనక్కి తిరిగి "చాలట అత్తయ్యా" అనాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదంతా నాకు నవ్వులాటగా ఉండేది. మాది అవనిగడ్డ. మా అమ్మ మా ఆయన్ని "బాబూ" అని పిలిచి, పక్కనే పీట వేసుకుని కూర్చుని, ఊళ్ళో సంగతులన్నీ చెబుతుంది. ఘంటసాల పక్క పల్లెలో పుట్టి పెరిగిన మా అత్తయ్యకి అలా కుదరదు. వాళ్ళమ్మగారు అల్లుళ్ళ ముందు తలుపు చాటునే నిలబడేవారట. ఈవిడా అదే నేర్చుకున్నారు.

మా పాప పుట్టాక నా ఉద్యోగం దానికి బదిలీ అయింది. దానికి ఇంకా మాటలు సరిగా రావు. అయినా అత్తయ్య దాన్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడి, "మజ్జిగ తాగుతారేమో మావయ్యని అడుగు తల్లీ" అంటారు. అది ఆయన వైపు చూసి చెయ్యి ఊపుతుంది. ఆయన దానితో, "తాగుతానని చెప్పమ్మా నాయనమ్మకి" అంటారు. మజ్జిగ వస్తుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఈ మొహమాటానికి ఒక కారణం కూడా ఉందని మా వదిన, అంటే మా ఆయన అక్క, ఒకసారి చెప్పింది. వాళ్ళ పెళ్ళిలో మగపెళ్ళివారి వైపు పెద్దావిడ ఎవరో, కాఫీ ఇత్తడి గ్లాసుల్లో ఇచ్చారని, "పోనీలే, పల్లెటూరివాళ్ళు, పాపం తెలీదు" అందట. అన్నావిడ అప్పుడే మరిచిపోయి ఉంటుంది. అత్తయ్య మాత్రం మరిచిపోలేదు. ఇంటికి అల్లుడు వచ్చినప్పుడల్లా ఆ ఇత్తడి గ్లాసు ఆవిడ కళ్ళముందు తిరుగుతూనే ఉంటుంది.

అలాంటి మా అత్తయ్య, అల్లుడుగారి కొత్త కారుని అట్లకాడతో గీకారు.

మొన్న వేసవి చివర, నేరేడు పళ్ళ కాలంలో జరిగిందిది. వదినా వాళ్ళూ బంధువులతో కలిసి బస్సులో అరుణాచలం బయల్దేరారు. బస్సు మా బందరు నుంచే. గుడివాడలో వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద కార్లు పెట్టుకునే చోట టైల్స్ తవ్వి పోశారని, కారు మా ఇంట్లో వదిలి వెళ్ళారు. అన్నయ్యగారికి, అంటే ఈ అల్లుడుగారికి, ఎరువుల కొట్టు ఉంది. ఏళ్ళ తరబడి స్కూటరు మీద తిరిగి, ఈమధ్యే కొనుక్కున్న కారు. తెల్లగా, సున్నం వేసిన గోడలా ఉంటుంది. సీటు కింద పసుపుపచ్చ గుడ్డ ఒకటి ఉంటుంది. దిగినప్పుడల్లా దాంతో ఒకసారి తుడిచిగానీ లోపలికి రారు.

"ఎండలో వద్దండీ, రంగు వెలిసిపోతుంది. ఇదిగో, ఇక్కడ చల్లగా నీడలో పెట్టండి" అని మా మావయ్యగారే దగ్గరుండి ప్రహరీ పక్కన నేరేడు చెట్టు కింద పెట్టించారు. అవసరమైతే జరుపుకోమని తాళం ఇచ్చి, కారుని ఒకసారి తట్టి, అన్నయ్యగారు బస్సెక్కారు.

తెల్లారేసరికి పిట్టలు వాటి పని అవి చేశాయి. నేరేడు పండు తిన్న పిట్ట రెట్ట ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లటి బానెట్ మీద ఊదారంగు చుక్కలు, చారలు.

నేను లోపల పాపకి ఉగ్గు తినిపిస్తున్నాను. బయటినుంచి గరగరమని చప్పుడు వస్తోంది. పెనం తోముతున్నారనుకున్నాను. పెనం తోమే చప్పుడు కొంచెంసేపటికి ఆగుతుంది. ఇది ఆగలేదు. పాపని ఎత్తుకుని కిటికీలోంచి చూశాను. అత్తయ్య కొంగు నడుముకి దోపుకుని, ఒక చేతిలో కొబ్బరి పీచు, పక్కన అంట్లు తోమే పొడి డబ్బా, బానెట్ మీదికి వంగి ఉన్నారు.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు?"

"చూడవే, ఈ పాడు పిట్టలు ఎంత పని చేశాయో. అల్లుడుగారు వచ్చేసరికి అద్దంలా ఉండొద్దూ? అన్నీ పోయాయి గానీ ఇదిగో, ఈ ఒక్క మరకే పోవట్లేదు. ఎంత గీకితే అంత నల్లబడుతోంది."

గీకుతున్నది అట్లకాడతో. నేను పరిగెత్తుకెళ్ళి చూసేసరికి ఆ మరక రేగిపండంత అయింది. అది మరక కాదు. రంగు పోయి, కింద పూత పోయి, నల్లగా కనపడుతున్నది ఇనుప రేకు.

"అది మరక కాదత్తయ్యా. కారు" అన్నాను.

ఆవిడకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. చేతిలో అట్లకాడ వైపు చూసుకున్నారు. బానెట్ మీద మిగతా చోట్ల చూశారు. అప్పుడే ఎండ ఏటవాలుగా పడుతోంది. పీచు తిరిగినంత మేరా సన్నటి గీతలు, సాలెగూళ్ళలా, గుండ్రంగా మెరుస్తున్నాయి. అట్లకాడ కింద పెట్టి, బట్టలుతికే రాయి మీద కూలబడ్డారు.

"అయిపోయింది. ఇక వాళ్ళ ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? కారు కడగడం కూడా తెలీని మనుషులనుకుంటారు" అన్నారు.

మావయ్యగారు పేపరు పట్టుకుని బయటికొచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "గరిటె కూడా తేవలసింది, అదొక్కటే మిగిలిపోయింది" అన్నారు.

"నీడలో పెట్టమన్నది ఎవరట?" అన్నారావిడ తలెత్తకుండానే. ఆయన పేపరు మడిచి లోపలికి వెళ్ళిపోయారు.

నేను భయాల మనిషిని. పాప దగ్గితే న్యుమోనియా అనుకుంటాను, దగ్గకపోతే ఊపిరి ఆడుతోందా అని వేలు పెట్టి చూస్తాను. పాప నిద్రపోయాక ఇది రాస్తూ కూడా మధ్యమధ్య లేచి చూసొస్తున్నాను. కానీ ఆ రోజు అత్తయ్య మొహం చూశాక నాకు భయం వేయలేదు. ఆవిడ అలా మౌనంగా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నా పురుడప్పుడు, పాలు పడక నేను ఏడుస్తుంటే, "పడతాయిలే, బర్రెలే కంగారు పడవు, నీకెందుకే" అని నన్ను నవ్వించిన మనిషి ఆవిడ.

మా ఆయన పనిమీద రోజూ గుడివాడ వెళ్ళొస్తారు. ఆయనకి ఫోన్ చేస్తే ముందు నవ్వారు, తర్వాత, "షెడ్డుకి ఇచ్చేద్దాం" అన్నారు. షెడ్డులో అడిగితే, ఇలాంటివి చుక్కగా వేయరట, బానెట్ మొత్తం విప్పి స్ప్రే కొట్టాలట, ముందు ఒప్పుకున్న బళ్ళున్నాయి కాబట్టి అన్నయ్యగారు వచ్చేలోపు అవ్వదట. పైగా అత్తయ్య షెడ్డు అన్న మాట వినగానే, "వద్దు. ఊరంతా తెలుస్తుంది" అన్నారు.

"మనమే వేద్దాం అత్తయ్యా. ఇంట్లోనే" అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను గానీ కారుకి రంగు వేయడం అందులో లేదు. గోడకి వేసిన అనుభవం కూడా లేదు. నేను వేసిన రంగులేవైనా ఉంటే గోళ్ళకే.

స్ప్రే గన్ లేకుండా ఎలా వేయాలో ఫోన్‌లో చూశాను. కారు డోరు అంచున ఒక చిన్న చీటీ అంటించి ఉంటుంది, దాని మీద రంగు నంబరు ఉంటుంది, తెలుపులో కూడా బోలెడు తెలుపులుంటాయి కాబట్టి ఆ నంబరే తేవాలి అని ఉంది. ఫొటో తీసి పంపాను. సాయంత్రం మా ఆయన గుడివాడ నుంచి చిన్న సీసాలో తెల్ల రంగు, ఇంకో సీసాలో కింద పూతగా వేసే బూడిదరంగు ప్రైమరు, నీళ్ళలో తడిపి రుద్దే వాటర్ పేపరు, పాలిష్ చేసే కాంపౌండు డబ్బా తెచ్చారు. రంగు సీసా అచ్చం గోళ్ళ రంగు సీసాలాగే ఉంది, మూతకి బ్రష్షుతో సహా.

"కారుకి కూడా గోరింటాకు పెడతావా ఏంటి?" అన్నారాయన.

"పెట్టాలంటే ముందు గోకింది తగ్గాలి" అన్నారు లోపలినుంచి మావయ్యగారు.

మర్నాడు పాప నిద్రపోయాక మొదలుపెట్టాను. ఆ రంగు వాసన పాపకి తగిలితే ఏమవుతుందో అని అంతకుముందే చదివి సగం భయపడి ఉన్నాను. అందుకే పాపని వెనక గదిలో పడుకోబెట్టి, తలుపు వేసి, మావయ్యగారిని గుమ్మం దగ్గర కూర్చోబెట్టాను. సీసా మూత పాప నోటికి అందుతుందేమోనని జాకెట్‌లో దోపుకున్నాను. రంగు పని అయ్యాక స్నానం చేసి చీర మార్చుకుని గానీ పాపని ముట్టుకోలేదు. అత్తయ్య ఇదంతా చూసి, "మడి కట్టుకున్నావటే కారుకి" అన్నారు. ఆ రోజు ఆవిడ అన్న మొదటి వేళాకోళం అదే. నాకు ప్రాణం లేచొచ్చింది.

ముందు కారుని మామూలు సబ్బునీళ్ళతో, మెత్తటి గుడ్డతో కడిగాను. ఆరాక దెబ్బ తగిలిన చోట అంచులు పైకి లేచి ఉంటే తడిపిన పేపరుతో పైపైన రుద్దాను. ఇనుము కనపడ్డ చోట ప్రైమరు. అది వేయకపోతే బందరు గాలికి తుప్పు పట్టడానికి ఎంతో కాలం పట్టదు. మా ఇంటి గేటుకి రంగు పోయిన చోటల్లా ఉప్పుగాలి తినేసి చిల్లులు పడ్డాయి. ప్రైమరు బాగానే కూర్చుంది. ఆ ధైర్యంతో తెల్ల రంగు సీసా తెరిచి, ఒకేసారి అయిపోతుందని బ్రష్షు నిండా ముంచి ఒక పెద్ద బొట్టు పెట్టాను.

సాయంత్రానికి అది ఉబ్బి సగ్గుబియ్యం గింజలా నిలబడింది. పైన ఆరినట్టే ఉంది, వేలు పెడితే లోపల మెత్తగా కదిలింది. చదును చేద్దామని పేపరు పెట్టి రుద్దితే తొక్కలా మొత్తం లేచి వచ్చేసింది. కింద ప్రైమరు కూడా కొంచెం తోడు తీసుకెళ్ళింది.

నేను బట్టలుతికే రాయి మీద కూర్చున్నాను. ఆ రాయి ఆ వారంలో మా ఇద్దరికీ బాగా పనికొచ్చింది. నా చేతిలోంచి ఫోన్ పక్కన పెట్టించి అత్తయ్య అడిగారు.

"ఆ ఫోన్‌లో ఏం చెప్పారు, అసలు?"

"పల్చగా వేయాలట. ఆరనిచ్చి మళ్ళీ పల్చగా వేయాలట. అలా పొరలు పొరలుగా, పక్క రంగుకన్నా ఒక వెంట్రుకవాసి ఎత్తు వచ్చేదాకా."

ఆవిడ నన్ను వింతగా చూశారు. "అంటే తాండ్ర పోసినట్టు."

నేను నోరు తెరిచాను. మా మేడ మీద ఆ వారమంతా చాప పరిచే ఉంది. పొద్దున్నే మామిడి రసం చాప మీద పల్చగా పోసి, చేత్తో అలికి, ఎండాక మళ్ళీ పోసి, మళ్ళీ అలికి, అత్తయ్య తాండ్ర పెడుతున్నారు. నేనే ఎన్నిసార్లో రసం గిన్నె మేడ మీదికి మోశాను. నేను చూస్తున్న వీడియో కూడా ఇంగ్లీషులో అదే చెబుతోంది.

"ఒకేసారి మందంగా పోస్తే లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. నీ బొట్టుకీ అదే అయింది" అన్నారావిడ. మాట అనేశాక కారు సంగతి గుర్తొచ్చి మళ్ళీ మొహం చిన్నబోయింది. "నాకు తాండ్ర తెలిసి ఏం లాభంలే. కారు తెలీదుగా" అన్నారు.

తర్వాతి రోజు మా ఆయన వెళ్ళేముందు కారుని చెట్టు కింద నుంచి ఎండలోకి తీసి పెట్టారు. సీసాలో ఉన్న బ్రష్షు లావుగా ఉందని, కొత్త చీపుర్లోంచి ఒక పుల్ల తీసి, చివర నలగ్గొట్టి, దాంతో వేయడం మొదలుపెట్టాను. పుల్ల కొస రంగులో తాకించి, మచ్చ మధ్యలో ఆనిస్తే, రంగు తనంతట తనే అంచులదాకా పాకుతుంది. మనం లాగకూడదు. మొదటిసారి నా చెయ్యి వణికి పక్కన ఒక చుక్క పడింది. రెండోసారీ పడింది. అత్తయ్య పుల్ల నా చేతిలోంచి తీసుకున్నారు.

"నేను పెడతాను. నువ్వు ఆపమన్నప్పుడు ఆపుతా."

ముగ్గు చుక్క పెట్టినట్టు పెట్టారు. నేను "చాలు" అన్నాను. ఆపారు. ఇద్దరం వంగి చూశాం. రంగు అద్దంలా పరుచుకుంది.

ఇక ఆ రోజంతా అదే పని. పొర వేయడం, ఆరడం, మళ్ళీ పొర. ఒకసారి ఆవిడ, ఒకసారి నేను. కొంచెంసేపటికి నా చెయ్యి వణకడం కూడా తగ్గింది. మేడ మీద తాండ్ర ఒక పొర, కింద కారు ఒక పొర. మధ్యలో ఆవిడ మెట్లెక్కి దిగుతూ, "ఏది ఎక్కడ పోస్తానో ఏమో, నువ్వు చూస్తుండవే" అనేవారు. కాకులు రాకుండా మావయ్యగారు పాపని ఒళ్ళో పెట్టుకుని, కర్ర పట్టుకుని, రంగు వాసన అందనంత దూరంలో వరండాలో కుర్చీ వేసుక్కూర్చున్నారు. దారినపోయే ఎదురింటాయన, "ఏంటండీ, వడియాలు పెట్టారా?" అని అడిగాడు.

"లేదండీ, కారు పెట్టాం" అన్నారు మావయ్యగారు.

పాప కూడా తాతతో పాటు "హుష్, హుష్" అంటోంది. ఎండ, మామిడి రసం వాసన, దూరంగా గేటు అవతల ఐసుబండి గంట. చాలా నెలల తర్వాత, పాప ఏం చేస్తోందో అని గుండె కొట్టుకోకుండా ఒక పూట గడిచిందని నాకు అప్పుడు తట్టింది. భయం పోలేదు. అది కూడా పుల్ల కొసంత అయి, రేగిపండంత మచ్చ మీదే నిలబడింది, అంతే.

రంగు బాగా గట్టిపడనిచ్చి, ఆ మర్నాడు పేపరు నీళ్ళలో నానబెట్టి, ఎత్తుగా ఉన్నదాన్ని మెల్లగా చదును చేశాను. ఈసారి లేచి రాలేదు. తర్వాత కాంపౌండు గుడ్డకి రాసి రుద్దితే, ఆ మచ్చే కాదు, పీచు గీతలు కూడా చాలావరకు పోయాయి. పూర్తిగా పోయాయని అబద్ధం చెప్పను. ఎండ ఒక పక్కనుంచి పడినప్పుడు, తల వంచి చూస్తే, ఒకచోట చిన్న పాలచుక్కలాంటిది కనపడుతుంది. ఎక్కడుందో తెలిసినవాళ్ళకే కనపడుతుంది. తెలిసినవాళ్ళం మేము.

వాళ్ళు వచ్చే రోజు శుక్రవారం. పొద్దున్నే అత్తయ్య పసుపూ కుంకుమా కలిపిన పళ్ళెం పట్టుకుని కారు దగ్గరికి వచ్చారు. సరిగ్గా ఆ పాలచుక్క మీదే వేలు పెట్టబోతుంటే ఆపాను.

"వద్దత్తయ్యా, కొత్త రంగు మీద పసుపు పట్టేస్తే ఇక పోదు."

"పోకపోతే మరీ మంచిది. బొట్టు తీసి చూడమని ఏ అల్లుడూ అనడు."

"అలా దాచడం బాగుండదు కదా."

"మరి నువ్వు రంగేసింది దేనికే? దాచడానికి కాదూ?"

"మీ చిలకలపూడి గిల్టు గాజులకి మెరుగు పోతే మళ్ళీ పెట్టించుకుంటాం కదా. అది బాగుచేసుకోవడం. దాచడం కాదు" అన్నాను.

"ఆ గాజులు బంగారమని నేనెవరికీ చెప్పనే" అన్నారావిడ. అని, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. బొట్టు పెట్టలేదు. ఆ మాట మాత్రం ఆవిడకే తగిలినట్టుంది. వంట చేస్తున్నంతసేపూ ఏదో ఆలోచిస్తూనే ఉన్నారు. చారులో ఉప్పు వేశారో లేదో నన్ను అడిగారు.

మధ్యాహ్నానికి వదిన, అన్నయ్యగారు వచ్చారు. కాళ్ళు కడుక్కోగానే ఆయన కారు దగ్గరికే వెళ్ళారు. సీటు కింద నుంచి పసుపుపచ్చ గుడ్డ తీసి, తుడవడానికి వంగి, ఆగిపోయారు. నేను వరండాలో ఉన్నాను. అత్తయ్య పాపని చంకనేసుకుని తలుపు చాటున ఉన్నారు. పాప గౌను అంచు ఆవిడ వేళ్ళలో నలుగుతోంది.

"చెల్లెమ్మా" అన్నారాయన నాతో. "కారు ఎవరు కడిగారమ్మా? కొన్నరోజు కూడా ఇంత మెరవలేదు. నేను రోజూ తుడుస్తాను, నాకెప్పుడూ రాలేదీ మెరుపు."

"అమ్మే అయ్యుంటుంది. గిన్నె చేతికిస్తే అరగదీసిగానీ వదలదు" అంది వదిన నవ్వుతూ. తనకేమీ తెలీదు.

"అత్తయ్యగారికి చాలా థాంక్స్ అని చెప్పమ్మా" అన్నారాయన.

అంతటితో అయిపోయేది. నేను వెనక్కి తిరిగి "థాంక్స్ అట అత్తయ్యా" అంటే సరిపోయేది. అందామనే నోరు తెరిచాను కూడా. కానీ తలుపు చాటు నుంచి అత్తయ్య వరండాలోకి వచ్చేశారు. గడప దాటి, మెట్టు దిగి, కారుకి ఇటుపక్క నిలబడ్డారు. చూపు మాత్రం పాప మొహం మీదే ఉంది.

"మావయ్యకి చెప్పమ్మా" అన్నారు పాపతో. "ఆ మెరుపు నాయనమ్మ తోమితే వచ్చింది కాదని చెప్పు. నాయనమ్మ పీచు పెట్టి రుద్దింది, అట్లకాడతో గీకింది, రంగు ఊడగొట్టింది అని చెప్పు. మీ అమ్మ కూర్చుని మళ్ళీ రంగేసిందని చెప్పు. నాయనమ్మ పల్లెటూరిది, తెలీక చేసిందని చెప్పు తల్లీ."

పాప ఆవిడ మొహంలోకి చూసి, తర్వాత ఆయన వైపు చెయ్యి చాచి, "కాయు" అంది. కారుని అలాగే అంటుంది.

వదిన నవ్వు ఆగిపోయింది. వరండాలో మావయ్యగారు కుర్చీలోంచి లేచారు. నాకైతే ఆ నిమిషంలో బానెట్ మీద పాలచుక్క పళ్ళెమంత అయినట్టు కనపడింది. అన్నయ్యగారు గుడ్డ చేతిలో పట్టుకుని, వంగి, ఒక పక్కనుంచి చూశారు, ఇంకో పక్కనుంచి చూశారు.

"ఎక్కడ?" అన్నారు.

నేను వేలితో చూపించాను. ఆయన ఆ చోటుని వేలితో తడిమి చూశారు. తర్వాత ఆయన కూడా పాప వైపే తిరిగి అన్నారు.

"అమ్మలూ, నాయనమ్మగారిని అడుగు. ఆ రంగు సీసాలో ఏమైనా మిగిలిందేమో."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మెల్లగా కారు వెనక్కి నడిచి, బంపరు మూల దగ్గర గొంతుక్కూర్చుని, చేత్తో చూపించారు. పొడుగ్గా ఒక గీత. దాని మీద తెల్లగా, ఎగుడుదిగుడుగా, అప్పటికే పసుపు తిరిగిపోయి, ఏదో పూసి ఉంది.

"ఏవండీ! ఇదెప్పుడు?" అంది వదిన.

"కొన్న వారానికే. కొట్టు ముందు వెనక్కి తీస్తుంటే స్తంభం తగిలింది" అన్నారాయన నేలచూపులు చూస్తూ.

"పైన ఏం పూశారు?"

"వైట్నరు."

"వైట్నరా? బిల్లు పుస్తకాల్లో తప్పుల మీద పూసేదా?"

"తెల్లగానే ఉంది కదా అని..."

మావయ్యగారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. "అట్లకాడ మేలు" అన్నారు.

వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది గానీ అన్నయ్యగారి ముందు బాగుండదని పెదవి కొరుక్కున్నాను. అత్తయ్య మాత్రం నవ్వలేదు. పాపని నా చేతికిచ్చి, బంపరు దగ్గరికి వచ్చి, వంగి ఆ గీతని చూశారు. గోటితో ఒక మూల గీరారు. వైట్నరు పొడిగా రాలింది.

"అమ్మాయ్, ఆ పేపరు నీళ్ళలో వెయ్యి. సీసా, పుల్ల పట్రా" అన్నారు.

"అన్నం తిన్నాక చూద్దువుగానిలే అమ్మా" అంది వదిన.

"ఎండ ఉండగానే ఆరాలే. ఇది ఒకేసారి పోసేది కాదు."

నేను పాపని మావయ్యగారికిచ్చి, సామాను తెచ్చి పక్కన పెట్టాను. గీతని తడిపి, వైట్నరు అంతా తీసేశాం. కింద రేకు కాదు, నల్లటి ప్లాస్టిక్కు. తుప్పు భయం లేదు. అత్తయ్య కొంగు దోపుకుని నేల మీద కూర్చున్నారు. అన్నయ్యగారు ఆవిడ భుజం మీదుగా, గుడ్డ చేతిలో పట్టుకుని, చిన్నపిల్లాడిలా వంగి చూస్తున్నారు. ఆవిడ పుల్ల కొస రంగులో తాకించి, గీత మొదట్లో ఆనించబోయి, ఆపారు.

తల కొంచెం వెనక్కి తిప్పారు. నా వైపు కాదు, పాప వైపు కాదు.

"కొంచెం పక్కకి జరగండి" అన్నారు. "నీడ పడుతోంది."

"అలాగేనండీ అత్తయ్యగారూ" అని ఆయన జరిగారు.